గోడ మీద రెండు ఎర్ర మచ్చలు

బెల్లంపల్లిలో పాత క్వార్టర్ల చివర, రాజలింగు ఇంటికి ఎదురుగా ఒక గోడ ఉంది. అది అతని గోడ కాదు. దాని వెనక ఇప్పుడు ఎవరూ ఉండరు కూడా. అయినా ఏటా వానలు తగ్గగానే అతనే సున్నం కలిపి దానికి వేసేవాడు. బొగ్గు లారీలు తిరిగే ఊళ్ళో తెల్లగోడ ఎన్నాళ్ళు తెల్లగా ఉంటుంది? చలి పోయేసరికి బూడిద రంగుకు వచ్చేది. మళ్ళీ వేసేవాడు.

"సొంతింటి గోడలు పెచ్చులూడుతున్నయి గని, ఎవ్వలిదో గోడకు మాత్రం ఏటేటా పండుగనే" అని భార్య శంకరవ్వ దెప్పేది.

"మనింటి గోడ కాడికి కారు వస్తదా మరి?" అనేవాడు రాజలింగు.

కారు వెనక లైట్లు బాగుచేసే మనిషికి ఒక చిక్కు ఉంది. బ్రేకు తొక్కితే వెనక లైటు వెలిగిందో లేదో తొక్కినవాడికి కనబడదు. ఇంకొకరు వెనక నిలబడి చూసి చెప్పాలి. చాలామంది మెకానిక్కులు దారిన పోయేవాళ్ళను పిలుస్తారు. వాళ్ళు నడుస్తూనే "ఎలుగుతుంది, ఎలుగుతుంది" అని పోతారు. వెలగడం ఒక్కటే చాలదు. ఎడమది కుడిదానికంటే మసకగా ఉందా, తొక్కగానే వచ్చిందా, కాస్త ఆలస్యంగా వచ్చిందా, కాలు తీశాక వెంటనే తగ్గిందా, ఇవన్నీ చూడాలి. రాజలింగు ఎవరినీ పిలిచేవాడు కాదు. పొద్దు వాలి గోడ నీడలోకి వచ్చాక కారును వెనక్కు నడిపి గోడకు దగ్గరగా ఆపేవాడు. బ్రేకు తొక్కి, అద్దంలో గోడను చూసేవాడు. సున్నం మీద రెండు ఎర్ర మచ్చలు పడేవి. రెండూ ఒకే ఎరుపు, ఒకే కొలత, ఒకేసారి రావాలి, ఒకేసారి పోవాలి. అట్లా వచ్చేదాకా కారు అక్కడినుంచి కదిలేది కాదు.

ఈ పని అతను ఏ గ్యారేజీలోనూ నేర్వలేదు. బొగ్గు బావి దగ్గర ల్యాంప్ రూంలో కాంట్రాక్టు మీద పనిచేశాడు. కిందికి దిగే కార్మికుల టోపీ దీపాలను చార్జింగుకు పెట్టడం, షిఫ్టుకు ముందు ఒక్కొక్కటి వెలిగించి చూసి చేతికివ్వడం అతని పని. తండ్రి అంతయ్య అదే బావిలో బొగ్గు ఎత్తేవాడు. కొడుకు ఇచ్చిన దీపమే టోపీకి పెట్టుకొని దిగేవాడు.

"సూసినవా?" అని అడిగేవాడు తండ్రి, దీపం అందుకుంటూ.

"సూసిన బాపూ."

పొద్దున్నే వాళ్ళిద్దరి మధ్య అంతకుమించి మాటలుండేవి కావు. చూశానంటే చూసినట్టే. ఆ మాట మీద మనిషి భూమి లోపలికి పోతాడు.

బావి మూతబడినప్పుడు పర్మినెంటు వాళ్ళను వేరే బావులకు పంపారు, కాంట్రాక్టు వాళ్ళను ఇంటికి పంపారు. రాజలింగు వచ్చేటప్పుడు తుక్కులో పడేసిన టోపీ దీపాల కేబులు ముక్కలు అడిగి తెచ్చుకున్నాడు. పైన నల్లటి మందపు రబ్బరు, లోపల మెత్తటి రాగితీగ. నీళ్ళలో నానినా, రాళ్ళ కింద నలిగినా చెడని సరుకు. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని అటక మీద చుట్ట చుట్టి పెట్టాడు.

అంతయ్య రిటైరైనప్పుడు ఇంటికి ఒక అంబాసిడర్ కొన్నాడు. అప్పటికే అది ఒకరి చేతిలో నలిగిన బండి. పెద్దకొడుకు రామచంద్రానికి లైసెన్సు ఉంది కాబట్టి కాగితాలు అతని పేరు మీదే అయ్యాయి. అంతయ్య ఇద్దరు కొడుకులనూ ముందు నిలబెట్టి చెప్పాడు. "పెద్దోడు నడుపుతడు. సిన్నోడు సూసుకుంటడు. బండి ఇద్దరిది."

అట్లాగే నడిచింది. రామచంద్రం మాటకారి. కిరాయికి పెళ్ళికి పోయినా, ఆసుపత్రికి పోయినా, ఎక్కినవాళ్ళు దిగేలోపు వాళ్ళింటి మనిషి అయిపోయేవాడు. ఊళ్ళో అందరికీ అది రామచంద్రం బండి. రాజలింగు బండి కింద ఉండేవాడు. అతని కాళ్ళు మాత్రమే బయటికి కనబడేవి. వచ్చినవాళ్ళు ఆ కాళ్ళను చూసి "మీ అన్న ఉన్నడా?" అని అడిగేవారు.

తండ్రి పోయిన ఏడాది రాజలింగు అన్నను ఒక్కటే అడిగాడు.

"అన్నా, బండి ముసలిదైతుంది. ఎప్పుడన్న అమ్మాలె అనిపిస్తే ముందుగాల నాకు చెప్పు. నడుపుకునేటోనికే ఇద్దాం. తుక్కుకు వద్దు."

రామచంద్రం బానెట్ మీద చెయ్యి వేశాడు. "బాపు బండిని నేను తుక్కుకు ఏస్తనారా? పిచ్చోనిలెక్క మాట్లాడకు. నీకు చెప్పకుండ దీని టైరు గూడ మార్చ."

రాజలింగు ఆ మాట తీసుకున్నాడు. తనను ఎవరైనా "సూసినవా" అని అడిగితే తాను ఎట్లా జవాబు చెప్తాడో, అన్న కూడా అట్లాగే చెప్పాడనుకున్నాడు.

తరవాతి దసరాకు బండికి పూజ చేశారు. పొద్దున్నే కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందంతా బంతిపూల దండలు కట్టారు. కొబ్బరికాయ చక్రం ముందు నేల మీద కొట్టడం ఆనవాయితీ. కానీ ఆ రోజు వాడకట్టు జనం అంతా చుట్టూ ఉన్నారు. రామచంద్రానికి ఉత్సాహం వచ్చింది. ముందు పూలున్నాయని వెనక్కు వచ్చి, "మన బండి ఇనుము ఎసొంటిదో సూడుండ్రి" అంటూ వెనక బంపరు మీద కొట్టాడు. కాయ పగిలింది. ఒక చిప్ప ఎగిరి ఎడమ లైటు గ్లాసుకు తగిలింది. గ్లాసు అంటే అద్దం కాదు, ఎర్రటి ప్లాస్టిక్కు మూత. ఎండకు పెళుసెక్కి ఉందేమో, నిలువునా చీలి ఒక ముక్క రాలింది.

అందరూ కొబ్బరి నీళ్ళు పట్టుకుంటున్నారు. రామచంద్రం భార్య అనసూర్య ఒక్కతే చూసి, "అయ్యో, పండుగ పూట" అంది. రామచంద్రం ఆమెను కళ్ళతోనే ఆపాడు. శకునం అని ఎవరైనా అంటే పెళ్ళిళ్ళ బేరాలు పోతాయని అతని భయం. ఆ సాయంత్రం పగులు మీద ఎర్రటి జిలుగు కాగితం అంటించి, దాని మీద ఇంత కుంకుమ మెత్తాడు. పూజ కుంకుమను ఎవరూ తుడవరు. కాబట్టి ఎవరూ చూడలేదు.

కొన్నాళ్ళకు ఎడమ లైటు ఆగిపోయింది. బండి గోడ దగ్గరికి వచ్చింది. గోడ మీద ఒక్క మచ్చే పడింది. రాజలింగు కుంకుమ గోకి చూస్తే కింద కాగితం, కాగితం కింద పగులు, లోపల నీళ్ళు. బండి కడిగిన నీళ్ళు, వాన నీళ్ళు కలిసి హోల్డరును తినేశాయి.

"పగిలిన రోజే చెప్తే హోల్డరన్న మిగులు గదా అన్నా."

"పండుగ రోజు లైటు పలిగిందని చాటింపేయమంటవా? గోరంత గ్లాసు. దానికింత పరేషాన్ ఎందుకు?"

"ఫిట్‌నెస్ దగ్గరికొచ్చింది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు కాగితం అంటించిన లైటును పాస్ చేస్తడా? బండి రోడ్డు మీదికి పోదిగ."

"అందుకే గదరా నువ్వున్నవ్" అని రామచంద్రం భుజం తట్టి పోయాడు.

ఆ గ్లాసు మంచిర్యాలలో దొరకలేదు. ఆ బండ్లు తయారవడం ఆగిపోయి చాలా కాలమైంది. దుకాణాల వాళ్ళు పేరు విని నవ్వారు. రాజలింగు బస్సెక్కి కరీంనగర్ పోయి తుక్కు దుకాణాలన్నీ తిరిగాడు. ఒక దగ్గర ఎడమది దొరికింది గానీ ఎండకు వెలిసి గులాబి రంగుకు తిరిగింది. ఇంకెవరైనా అయితే అదే బిగించేవారు. వెలుగు వస్తుంది, పాస్ కూడా అవుతుంది. కానీ ఒకవైపు ఎరుపు, ఒకవైపు గులాబి అయితే వెనక వచ్చేవాడికి దూరం అందదు. మసకగా ఉన్నది దూరంగా ఉన్నట్టు కనబడుతుంది. రాజలింగు దాన్ని అక్కడే పెట్టి మళ్ళీ తిరిగాడు. ఒక గోడౌను మూలన, పక్షుల రెట్ట కింద పడి ఉన్న జత దొరికింది. రెట్ట పడడం వల్ల ఎండ తగల్లేదు, రంగు నిలిచింది. రెండూ తెచ్చాడు. మంచిగా ఉన్న కుడిదాన్ని కూడా తీసి, జతకు జత మార్చాడు.

తరవాతి పని బయటికి కనబడేది కాదు. తుప్పు పట్టిన హోల్డర్లు తీసేశాడు. కొత్తవి పెట్టి, లోపలి కొనలను గరుకు కాగితంతో రుద్దాడు. అందులో వేసే బల్బుకు రెండు తీగలుంటాయి. సన్నది మామూలు వెలుగుకు, లావుది బ్రేకుకు. దాని పక్క బుడిపెలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, తిప్పి పెట్టకుండా అట్లా చేస్తారు. తొందరగాళ్ళు ఆ బుడిపె అరగదీసి బలవంతంగా దూరుస్తారు. అప్పుడు లైటు వేస్తే భగ్గుమంటుంది, బ్రేకు తొక్కితే మసకబారుతుంది. రాజలింగు బుడిపె చూసి, గాడి చూసి, వేలితో నెట్టి తిప్పేవాడు. అది దానంతట అదే కూర్చుంటే సరైనట్టు. గ్లాసు కింద వేసే రబ్బరు కూడా ఎక్కడా దొరకదు. సైకిలు ట్యూబును కత్తిరించి, అంచు వెంట ఒక్క ముక్కగా వచ్చేట్టు తయారు చేశాడు. డిక్కీ రేకు తుప్పు తిని ఉంది, దాని గుండా ఎర్త్ సరిగా అందదు. అటక మీది టోపీ దీపం కేబులు దించి, రెండు లైట్లకూ విడిగా ఎర్త్ తీగ లాగి కింద ఛాసిస్ ఇనుప చట్రానికి బిగించాడు.

ఆ సాయంత్రం గోడ మీద రెండు మచ్చలూ పడ్డాయి. శంకరవ్వ గడప మీద కూచొని బియ్యం ఏరుతోంది.

"కొత్త బండి లెక్కనే మెరుస్తుందిగ" అంది.

"బండి పాతదే. లైట్లు సక్కగున్నయి, గంతే" అన్నాడు రాజలింగు. కానీ వెంటనే దిగలేదు. ఇంకా కాసేపు తొక్కి, వదిలి, తొక్కి, అద్దంలో చూస్తూ కూచున్నాడు.

బండి పాసైంది. ఇన్‌స్పెక్టరు వెనక లైట్లు చూసి, "ఎక్కడ దొరికినయ్?" అని అడిగాడని రామచంద్రమే వచ్చి చెప్పాడు. ఏం చెప్పావని రాజలింగు అడిగితే, "కరీంనగర్ల నేనే తెచ్చిన అని చెప్పిన" అన్నాడు, నవ్వుతూ.

ఎండాకాలంలో ఒకరోజు అన్న ఇంటి ముందు బండి లేదు. కిరాయికి పోయిందనుకున్నాడు రాజలింగు. తెల్లారి కూడా లేదు. లోపలికి పోతే రామచంద్రం అన్నం తింటున్నాడు.

"బండేది అన్నా?"

"కూసో, చెప్త. చెన్నూరు ఆసామి ఒకాయన అచ్చిండు. పెండ్లిళ్ళకు పాత కారే కావాలట. ఆగకుండ అడిగిండు, ఇచ్చిన."

"నాకు చెప్పకుండనా?"

"నువ్వు ఇంట్ల లేకపోతివి. నీకు చెప్తే ఊకుంటవా? ఆయనను గూడ గోడ కాడికి తోలుకపోయి లైట్లు సూపిస్తా అంటవ్. అచ్చినోడు పారిపోతడు." పక్కనే ఉన్న అనసూర్య తల వంచుకొని గిన్నెలో గంటె తిప్పుతూ ఉంది. రామచంద్రం గొంతు తగ్గించాడు. "నడుపుకునేటోనికే ఇచ్చినరా. నువ్వన్నది గదే గదా?"

చెప్పకుండా అమ్మడం రాజలింగుకు నొప్పి పెట్టింది. కానీ మాటలో సగమైనా నిలబడిందని సర్దుకున్నాడు. బండి రోడ్డు మీద ఉంది. అది చాలు.

అప్పటినుంచి రామచంద్రం ఎక్కడ నలుగురు కూడినా ఆ ముచ్చట తెచ్చేవాడు. "మొన్న చెన్నూరు బస్టాండు కాడ మన బండి కనబడ్డది. పెండ్లిపిల్ల ఎనుక కూసున్నది. మా తమ్ముడు చేసిన లైట్లు ధగధగ మెరుస్తున్నయ్" అనేవాడు. రాజలింగుకు ఆ మాట ఇష్టంగా ఉండేది. ఒకసారి పని మీద చెన్నూరు పోయి, పని అయ్యాక కూడా బస్టాండు ఎదురు హోటల్లో చాయ్ మీద చాయ్ తాగుతూ, పోయే కార్ల వెనకభాగాలు చూస్తూ కూచున్నాడు. బండి కనబడలేదు. పెళ్ళిళ్ళ రోజులు కావు గదా అని బస్సెక్కాడు.

వానాకాలంలో అతనికి ఒక ఫోను వచ్చింది. లక్సెట్టిపేట దాటాక హైవే పక్కన కొత్తగా హోటల్ పెట్టిన ప్రణయ్ అనే అతను.

"అంకుల్, అంబాసిడర్ ఎనుక లైట్లు ఎలుగుత లేవు. గా పని చేసేటోళ్ళు మీరొక్కరే ఉన్నరని పెయింటర్ చెప్పిండు. జర అచ్చిపోతరా?"

ఆ తోవలో ఇంకా ఒక అంబాసిడర్ ఉందని రాజలింగు సంతోషపడ్డాడు. పనిముట్ల సంచి పట్టుకొని పోయాడు. ప్రణయ్ ముప్పయ్యేళ్ళ మనిషి, మర్యాదగానే ఉన్నాడు. "రాండ్రి అంకుల్" అని లోపలికి తీసుకపోయాడు. రాజలింగు బయట ఎక్కడా కారు కనబడక వెనక్కు చూస్తూనే నడిచాడు.

కారు లోపల ఉంది. కారు కాదు, సగం. వెనక తలుపుల దగ్గర అడ్డంగా కోసేశారు. పసుపు రంగు వేశారు. డిక్కీ మూత తీసి, ఆ లోపల ఎర్రటి మెత్త కుట్టించి సోఫా చేశారు. బంపరు మీద కాళ్ళు పెట్టుకోవచ్చు. ఇటొక లైటు, అటొక లైటు.

"ఫొటోలకు అంకుల్. పిల్లలు దీనికోసమే వస్తరు. మొన్నటిదాక మంచిగనే ఉండె. కరెంటాయన లైట్ల వైరు తీస్కపోయి సక్కగ ఇంటి కరెంటుకు ఇచ్చిండు. టప్పుమని పోయినయ్."

"బ్యాటరీ మీద ఎలిగే బల్బులు. గా కరెంటుకు ఆగుతయా?" అని రాజలింగు కూచొని స్క్రూలు విప్పాడు. ఎడమ గ్లాసు చేతిలోకి వచ్చింది. దాని వెంట సైకిలు ట్యూబు రబ్బరు వచ్చింది, ఒక్క ముక్కగా.

అది తాను కత్తిరించిన అంచే. తరవాత లోపల చెయ్యి పెట్టి తడిమాడు. నల్లటి మందపు కేబులు వేళ్ళకు తగిలింది. ఛాసిస్ దాకా పోవాల్సినది కోత దగ్గర తెగి వేలాడుతోంది.

"ఎవ్వలు అమ్మిండ్రు నీకు?"

"బెల్లంపల్లి పెద్దమనిషే. రామచంద్రం అని. మస్తు మాట్లాడుతడు. సోఫాకని చెప్పినంకనే ఇచ్చిండు. మేం అంతకుముందు వేరే బండ్లు గూడ సూసినం అంకుల్, అన్నిట్ల ఎనుక లైట్లు పలిగే ఉన్నయ్. గిదొక్కటే జత మంచిగున్నది. గందుకే తీస్కున్నం."

"ముందుసగం?"

"తుక్కుకు పోయింది."

రాజలింగు పని చేశాడు. కాలిన బల్బులు తీశాడు, కొత్తవి బుడిపె చూసి పెట్టాడు, బ్యాటరీ కరెంటు ఇచ్చే చిన్న డబ్బా బిగించాడు, తెగిన కేబులును చీల్చి కొత్త దారిలో కలిపాడు. సన్నతీగ వెలిగేట్టు వైరు ఇచ్చి స్విచ్చి వేశాడు.

"గింత డిమ్ముగనా? ఫొటోల కనబడదు అంకుల్. ఫుల్లు పెట్టుండ్రి."

"ఫుల్లంటే బ్రేకు తీగ. అది తొక్కినంత సేపే ఎలగాలె. పొద్దంత ఎలిగితే ఉడుకుకు గ్లాసు కరుగుతది. గీ గ్లాసు మళ్ళ దొరకది."

"దొరకకపోతే ఎల్‌ఈడీ పట్టీ అంటిస్తం. ఫికర్ చేయకుండ్రి. ఫుల్లు పెట్టుండ్రి."

బండి ప్రణయ్‌ది. రాజలింగు వైరు మార్చాడు. ఎదుటి తెల్లగోడ మీద రెండు ఎర్ర మచ్చలు పడ్డాయి. రెండూ ఒకే ఎరుపు, ఒకే కొలత, ఒకేసారి వచ్చాయి. పోవడం మాత్రం లేదు. ఒక తల్లి పిల్లను తెచ్చి సోఫాలో కూచోబెట్టింది. ఫొటోకు అడ్డమని రాజలింగును కొద్దిగా జరగమంది. అతను జరిగాడు.

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. శంకరవ్వకు కూడా చెప్పలేదు.

పెత్రమాస వచ్చింది. దసరాకు ముందు వచ్చే ఆ అమావాస్యనాడు పోయిన పెద్దల పేరు మీద బియ్యమిచ్చి, ఇంటివాళ్ళంతా కలిసి తింటారు. అంతయ్య పేరు మీద చేసేది పెద్దకొడుకు ఇంట్లోనే. బంధువులు వరుసగా కూచున్నారు. అనసూర్య వడ్డిస్తోంది. బండి ఇంకా నడుస్తోందా అని ఎవరో అడిగారు.

"ఎందుకు నడువది?" అన్నాడు రామచంద్రం. "మొన్న గూడ చెన్నూరుల సూసిన. లగ్గం బండి అయింది. బాపు పైనుంచి సూసి మురుస్తడు."

రాజలింగు ముద్ద కలుపుతూ తల ఎత్తకుండానే అడిగాడు. "బ్రేకు లైటు ఎలుగుతుందా అన్నా?"

"ఎందుకు ఎలగదురా? నువ్వు చేసిన పని గాదు?"

"ఎలుగుతుంది. పొద్దంత ఎలుగుతనే ఉన్నది. ఎవ్వలు తొక్కుత లేరు."

రామచంద్రం చెయ్యి ఆగింది. "అంటే?"

"లక్సెట్టిపేట దాటినంక హోటల్ల. నేనే పోయి ఎలిగించొచ్చిన."

వరుసలో ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అనసూర్య కూర గిన్నె పట్టుకొని అక్కడే నిలబడిపోయింది. రామచంద్రం అటూ ఇటూ చూసి, నవ్వబోయి మానాడు.

"బండి ముసలిదైంది తమ్మీ. ఇయ్యాల గాకపోతే రేపు కోసుడే. నీ మనసు నొస్తదనే గట్ల చెప్పిన."

"కోసుడు వేరే సంగతి" అన్నాడు రాజలింగు. "సూసిన అని చెప్పుడు వేరే. చెన్నూరుల సూసిన అన్నవ్. నేను పోయి బస్టాండు కాడ కూసున్న."

అనసూర్య మెల్లగా వంగి, "ఇంకింత కూర ఎయ్యనా?" అంది.

"చాలు వదినె."

ఆకులో ఉన్నది మాత్రం విడవలేదు. బాపు పేరు మీద వండిన అన్నం. మెతుకు మిగలకుండా తిన్నాడు. లేచి చెయ్యి కడుక్కొని, శంకరవ్వను రమ్మని సైగ చేసి బయటికి నడిచాడు. "రాజలింగూ" అని వెనకనుంచి అన్న పిలిచాడు. అతను వెనక్కు తిరగలేదు.

ఆ దసరాకు ముందు కూడా గోడకు సున్నం వేశాడు. వేరేవాళ్ళ కార్లు వస్తాయి, చూడాలి. అన్న ఇంటి గడప మాత్రం ఇప్పటిదాకా తొక్కలేదు.